నాన్న పేరు మీద 9 ఆస్బెస్టాస్ ట్రస్ట్ క్లెయిములు వేశాం, ఎలా జరిగిందంటే

5కి ఎన్ని స్టార్లు ఇచ్చానో ముందే చెప్పేస్తాను. మేం మొదట సంతకం పెట్టిన లా ఆఫీసుకి 1. తర్వాత మారిన ఆఫీసుకి 4న్నర. అసలు ట్రస్టుల వ్యవస్థకి, అంటే ఆస్బెస్టాస్ కంపెనీలు బాధితుల కోసం పక్కన పెట్టిన నిధులకి, 3. రెండు ఆఫీసుల పేర్లూ రాయను. మీ కేసు వేరే ఊళ్ళో వేరే ఆఫీసు చూస్తుంది, అప్పుడు మీకు పనికొచ్చేది పేరు కాదు, వాళ్ళని ఏం అడగాలో తెలియడం. 70ల్లో అమెరికా వచ్చి పవర్ ప్లాంట్లలో, రిఫైనరీల్లో, స్టీలు మిల్లుల్లో చేసిన మనవాళ్ళకి ఇప్పుడు 75, 80 ఏళ్ళు. ఆస్బెస్టాస్ (వేడికి తట్టుకునే, నార లాంటి ఖనిజం) దుమ్ముతో వచ్చే జబ్బు బయటపడే వయసు కూడా అదే. దుమ్ము పీల్చిన 20 నుంచి 50 ఏళ్ళకి గానీ తెలియదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మా నాన్న 1968లో ఎం.ఎస్. చదవడానికి ఒహాయో వచ్చారు, 1970లో ఉద్యోగంలో చేరారు. ఫీల్డ్ ఇంజనీరు అని పేరే గానీ ఆఫీసులో కూర్చున్నది తక్కువ. కొత్త యూనిట్ కడుతుంటే బాయిలర్ హౌస్‌లో, షట్‌డౌన్ అయితే పాత లాగింగ్ (వేడి పోకుండా గొట్టాలకి చుట్టే తొడుగు) పీకే మనుషుల పక్కనే, కొలతలు రాసుకుంటూ. ఆయన చేతులతో ఆస్బెస్టాస్ ముట్టుకున్నది ఎప్పుడో గానీ లేదు. పక్కన నిలబడ్డారు, అంతే. 2019 సెప్టెంబరులో ఆయాసం మొదలైంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు, తీశారు, మూడు వారాల్లో మళ్ళీ చేరింది. బయాప్సీలో మీసోథీలియోమా అని తేలింది, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకి వచ్చే కాన్సర్. డాక్టరమ్మ రిపోర్టు చదివి అడిగిన మొదటి ప్రశ్న, "50 ఏళ్ళ కిందట మీరు ఏం పని చేసేవారు?" అని. నాన్న చెబుతూ ఉంటే అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ ఉద్యోగం గురించి మాకు తెలిసింది ఎంత తక్కువో అప్పుడు అర్థమైంది.

ట్రస్టు అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. ఆస్బెస్టాస్ సరుకు తయారుచేసిన కంపెనీల మీద వేలకు వేలు కేసులు పడితే 1982 ఆగస్టులో జాన్స్-మాన్విల్ అనే పెద్ద కంపెనీ దివాలా రక్షణ కోరింది. బాధితులకి డబ్బు ఇవ్వడానికి 1988లో దాని ట్రస్టు మొదలైంది. 1994లో దివాలా చట్టంలో 524(జి) అనే సెక్షన్ చేర్చి, ఇదే పద్ధతిని మిగతా కంపెనీలకీ ఖాయం చేశారు. కంపెనీ ఒక ట్రస్టులో డబ్బు పెడుతుంది, ఇక మీదట ఆ కంపెనీ మీద కోర్టుకి వెళ్ళడానికి లేదు, ట్రస్టుకే అర్జీ పెట్టుకోవాలి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2011లో లెక్క వేస్తే ఇలాంటివి 60 ట్రస్టులు, వాటి దగ్గర మొత్తం 3,680 కోట్ల డాలర్లు ఉన్నాయి. 1988 నుంచి 2010 వరకు 33 లక్షల క్లెయిములకి 1,750 కోట్ల డాలర్లు చెల్లించాయి.

ఇక్కడ నాన్న మమ్మల్ని ఆపేశారు. "నాకు అన్నం పెట్టిన కంపెనీ మీద కేసు వెయ్యను తల్లీ" అన్నారు. రెండు వారాలు అదే మాట. ఇది చాలా ఇళ్ళల్లో జరుగుతుందని తర్వాత విన్నాను. ట్రస్టు క్లెయిము మీరు పనిచేసిన కంపెనీ మీద కాదు. ఆ గొట్టాల మీద చుట్టిన లాగింగ్, గొట్టాల అతుకుల మధ్య పెట్టే ఆ గాస్కెట్టు, ఆ బాయిలర్ ఇటుక తయారుచేసి అమ్మినవాళ్ళు, ప్రమాదం గురించి హెచ్చరించకుండా అమ్మినవాళ్ళు, వాళ్ళు పక్కన పెట్టిన డబ్బు అది. ఇందులో కోర్టు బోను లేదు, మీ పాత బాసుకి నోటీసు వెళ్ళదు. ఈ ముక్క నాన్నకి సరిగ్గా చెప్పింది రెండో ఆఫీసువాళ్ళే. మొదటి ఆఫీసువాళ్ళకి ఆయనకి ఆ దిగులు ఉందన్న సంగతే తెలియదు, ఎవరూ అడగలేదు.

మొదటి ఆఫీసు టీవీ ప్రకటన చూసి ఫోన్ చేసినదే. మర్నాడే మనిషి వచ్చాడు, ఆస్పత్రి లాబీలోనే కాగితాలు ముందు పెట్టాడు, మేం టెన్షన్‌లో చదవకుండా సంతకాలు పెట్టేశాం. ఫీజు 40 శాతం. ఖర్చులు వేరే. ఆ తర్వాత ఐదు నెలల్లో మా ఫైలు చూసే మనిషి మూడుసార్లు మారింది, మారినప్పుడల్లా మేం మొదటి నుంచీ చెప్పుకు రావాలి. ఐదు నెలల్లో పంపించింది రెండే రెండు క్లెయిములు. ఇంతవరకు అయితే బద్ధకం అనుకుని సర్దుకుపోయేవాళ్ళం. ఒకరోజు అఫిడవిట్ పంపారు, సంతకం పెట్టి తిప్పి పంపమని. అందులో నాన్న పనిచేసిన సైట్లు అని 14 పేర్లు టైపు చేసి ఉన్నాయి. నాన్న ఆక్సిజన్ గొట్టంతోనే మంచం మీద కూర్చుని, పెన్ను పట్టుకుని ఒక్కొక్కటీ చదివి, ఆరు పేర్లకి టిక్కు పెట్టి మిగతా ఎనిమిదీ కొట్టేశారు. "ఇవి నేను చూడను కూడా చూడలేదు" అన్నారు. ఫోన్ చేస్తే అవతలి మనిషి "ఆ ఏరియాలో అందరికీ అదే జాబితా వాడతాం, ఇబ్బంది ఉండదు" అంది. ఆ సాయంత్రమే వాళ్ళని వదిలేద్దామని తేల్చుకున్నాం.

ఎందుకు ఇబ్బందో చెబుతాను. ఆ కాగితాల మీద సంతకం అంటే అబద్ధమైతే శిక్షకి సిద్ధమని ప్రమాణం చేసినట్టు. రోగి సంతకం అది, లాయరుది కాదు. పైగా ఈ రంగంలో ఇప్పటికే ఒక పెద్ద మచ్చ ఉంది. గాస్కెట్లు చేసే గార్లాక్ కంపెనీ దివాలా కేసులో 2014 జనవరిలో జడ్జి జార్జ్ హాడ్జెస్ తీర్పు ఇచ్చారు. పరిశీలించిన 15 కేసుల్లోనూ బాధితులు మిగతా కంపెనీల సరుకు దుమ్ము కూడా పీల్చిన సంగతి వాళ్ళ తరఫు లాయర్లు దాచిపెట్టారని అందులో తేల్చారు. ఆ కేసు తర్వాత నిజంగా జబ్బు పడ్డవాళ్ళ మీద కూడా అనుమానం పెరిగింది. ఒహాయో లాంటి రాష్ట్రాల్లో అయితే కోర్టులో కేసు వేసేవాళ్ళు ఏ ఏ ట్రస్టులకి క్లెయిములు పెట్టారో బయటపెట్టాలని చట్టమే ఉంది. ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి రాస్తే దొరికిపోయేది మనమే.

లాయరుని మార్చుకోవచ్చా అని భయపడ్డాం. మార్చుకోవచ్చు, ఎప్పుడైనా. మొదటి ఆఫీసు తను చేసిన పనికి వాటా అడిగింది, రెండు ఆఫీసులూ ఆ ఒక్క ఫీజులోనే సర్దుకున్నాయి, మా చేతికొచ్చేది తగ్గలేదు. కొత్త ఆఫీసు ఒప్పుకోక ముందే ఈ మాట రాతపూర్వకంగా తీసుకోండి.

రెండో ఆఫీసు గురించి. చిన్నదే, ముగ్గురు లాయర్లు. కానీ మా పని అంతా చేసింది ఒక పారాలీగల్, అంటే లాయరు కాదు, లాయర్లకి కేసు పని చేసిపెట్టే ఉద్యోగి. 60 దగ్గర ఉంటాయి ఆవిడకి, వాళ్ళ నాన్న పైప్‌ఫిట్టరట. సంతకాల మాట ఎత్తకుండానే ఇంటికి వచ్చింది. డైనింగ్ టేబుల్ మీద ఒక పెద్ద తెల్ల కాగితం పరిచి, "సర్, బాయిలర్ హౌస్‌లోకి పొద్దున ఏ తలుపులోంచి వెళ్ళేవారు?" అని అడిగింది. అంతే, నాన్న గీయడం మొదలుపెట్టారు. తలుపు, మెట్లు, ఫీడ్ వాటర్ లైను, టర్బైన్ ఫ్లోరు. గీస్తున్నకొద్దీ మనుషులు గుర్తొచ్చారు, మనుషులతోపాటు సరుకు గుర్తొచ్చింది. గొట్టం మీద రెండు వైపులా కప్పే తెల్లటి సగం గుండ్రటి ముక్కలు, రంపంతో కోస్తుంటే పిండిలా రాలేది, ఆ అట్టపెట్టెల మీద కూర్చునే మధ్యాహ్నం అన్నం తినేవాళ్ళు, పెట్టె మీద కేలో అని ఉండేది. కేలో అనేది ఓవెన్స్ కార్నింగ్ వాళ్ళ లాగింగ్, 1972 వరకు అందులో ఆస్బెస్టాస్ ఉంది. నాన్న 1971లో ఆ పెట్టె మీద కూర్చున్నారు. ఈ ఒక్క మాట ఐదు నెలల్లో మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఆవిడకి అరగంట పట్టింది. మూడు రోజులు వచ్చింది అలా, రోజుకి గంటన్నర మించకుండా, నాన్నకి దగ్గు తెర వస్తే పెన్ను కింద పెట్టి ఆగేది. నేను 4న్నర ఇచ్చింది ముఖ్యంగా ఈవిడకే.

ఎందుకంటే ఈ క్లెయిముల్లో డాక్టరు కాగితాలు సులువు. పాథాలజీ రిపోర్టు ఒకటే అన్ని ట్రస్టులకీ సరిపోయింది. కష్టమంతా రెండో సగం, ఎక్కడ, ఏ ఏళ్ళల్లో, ఎవరి సరుకు పక్కన పనిచేశారు అన్నది. చాలా ట్రస్టుల దగ్గర తమ సరుకు వెళ్ళిన సైట్ల జాబితా ఉంటుంది. మీ ప్లాంటు ఆ జాబితాలో ఉండి, మీ ఏళ్ళు కలిస్తే సగం పని అయిపోయినట్టే. లేకపోతే తోటి పనివాళ్ళ అఫిడవిట్లు, పాత బిల్లులు, ఫోటోలు వెతుక్కోవాలి. 50 ఏళ్ళ తర్వాత తోటి పనివాళ్ళు ఎక్కడున్నారు చెప్పండి. ఉద్యోగాల రుజువుకి సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పెన్షన్ శాఖ) వాళ్ళ దగ్గర ఎస్‌ఎస్‌ఏ-7050 అనే ఫారం పెట్టి, కంపెనీల పేర్లతో సహా వివరమైన సంపాదన రికార్డు తెప్పించుకోవాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా కనిపించే స్టేట్‌మెంటులో ఏడాదికి మొత్తం ఎంతో ఉంటుంది తప్ప కంపెనీ పేర్లు ఉండవు, అది చాలదు. ఫీజు ఉంది, వారాలు పడుతుంది, కాబట్టి మొదటి వారంలోనే పెట్టేయండి.

మాకు వచ్చిన చిక్కు సైటు పేరు దగ్గర. నాన్న ఒక ప్లాంటుని పక్కనున్న ఊరి పేరుతోనే పిలిచేవారు, అక్కడ పనిచేసిన వాళ్ళందరూ అలాగే అనేవారట. ట్రస్టు జాబితాలో అది వేరే పేరుతో ఉంది. ఆయన వెళ్ళింది కాంట్రాక్టు కంపెనీ తరఫున, కాబట్టి సంపాదన రికార్డులో ప్లాంటు పేరే రాదు. డెఫిషియెన్సీ నోటీసు వచ్చింది, అంటే రుజువు చాలలేదు, తెచ్చి చూపించండి అని. ఆవిడ "పాత ఉత్తరాలేమైనా ఉన్నాయా?" అని అడిగింది. ఉత్తరాలు అనగానే అమ్మ అంది, "ఏమండీ, మీరు అత్తయ్యగారికి రాసినవి మీ తమ్ముడి దగ్గర ఉండాలి కదా" అని. బాబాయి ఇనప్పెట్టెలోంచి తీసి పంపాడు, నీలం రంగు ఏరోగ్రామ్‌లు 31. అందులో 1971 నవంబరుది ఒకటి. ప్లాంటు అసలు పేరు, ఊరు, యూనిట్ నంబరుతో సహా రాసి, "ఇక్కడ దుమ్ము ఎక్కువ అమ్మా, రాత్రి స్నానం చేస్తే గానీ ఒళ్ళు దురద పోదు" అని కూడా రాశారు. సర్టిఫైడ్ అనువాదం చేయించి జత చేశాం. ఆరు వారాల్లో ఆ క్లెయిము ఒప్పుకున్నారు. మన వాళ్ళ ఉత్తరాలు, ఫోటోల వెనక రాసిన తారీఖులు తెలుగులో ఉన్నాయి కదా పనికిరావు అనుకోకండి.

ఇప్పుడు డబ్బు. ఇక్కడే నేను ట్రస్టులకి రెండు స్టార్లు కోసేశాను. ఒక్కో జబ్బుకి ఒక రేటు రాసి ఉంటుంది, మీసోథీలియోమాకి అన్నిటికన్నా ఎక్కువ. కానీ ఆ రేటు మొత్తం ఇవ్వరు, ముందుముందు జబ్బు పడేవాళ్ళకి కూడా మిగలాలి కాబట్టి పేమెంట్ పర్సెంటేజీ అని ఒకటి పెడతారు. మాన్విల్ ట్రస్టు సంగతి చూడండి, అది అందరికీ తెలిసిన లెక్కే. 1995లో 10 శాతానికి, 2001లో 5 శాతానికి తగ్గించారు. మీసోథీలియోమాకి వాళ్ళ రేటు 3,50,000 డాలర్లు, ఆ తర్వాత పెట్టిన 5.1 శాతం ఇస్తే చేతికి 17,850. న్యాయం ఉందా అంటే ఉంది, రేపటి రోగికి మిగల్చాలిగా. కానీ లక్షల అంకె చూపించి ఆశ పెట్టే ప్రకటనలు ఈ శాతం మాట ఎక్కడా చెప్పవు. మాకు డబ్బు వచ్చిన క్లెయిముల్లో అతి చిన్నది 1,100 డాలర్లు, పెద్దది 40 వేలు దాటింది. అన్నీ కలిపితేనే ఒక మొత్తం అవుతుంది, అందుకే ఎన్ని ట్రస్టులకి అర్హత ఉందో అన్నిటికీ వేయాలి, నిజంగా అర్హత ఉన్నవాటికి.

రెండు దారులు ఉంటాయి. ఎక్స్‌పెడైటెడ్ రివ్యూ అయితే రాసి ఉన్న రేటుకే, త్వరగా. ఇండివిడ్యువల్ రివ్యూ అయితే వయసు, మీద ఆధారపడ్డవాళ్ళు, పోయిన సంపాదన అన్నీ చూస్తారు, ఎక్కువ రావచ్చు, తక్కువా రావచ్చు, టైము పడుతుంది. నాన్నకి 74, రిటైరయ్యారు, పిల్లలు స్థిరపడ్డారు, కాబట్టి ఎక్స్‌పెడైటెడే నయమని లాయరు చెప్పాడు, అలాగే చేశాం. 50 ఏళ్ళ మనిషి, చిన్న పిల్లలు ఉంటే లెక్క వేరు, అడగండి. దివాలా తీయని కంపెనీల మీద కోర్టు కేసు వేరే వ్యవహారం, దానికి డిపోజిషన్ (లాయర్ల ముందు ప్రమాణం చేసి సాక్ష్యం) ఇవ్వాలి, నాన్నకి ఓపిక లేదు, మేం వేయలేదు.

ఫీజు: రెండో ఆఫీసు ట్రస్టు క్లెయిములకి 25 శాతం తీసుకుంది. మాన్విల్ ట్రస్టు నియమాల్లో లాయరు ఫీజు 25 దాటకూడదనే ఉంది. కోర్టు కేసుకి అడిగే 40 శాతం, ఫారాలు నింపి పంపే పనికి ఎందుకు ఇవ్వాలి? ఖర్చులు ఫీజు కోసే ముందు తీస్తారా తర్వాత తీస్తారా అన్నది కూడా అడగండి, తేడా ఉంటుంది. లాయరు లేకుండా మనమే నేరుగా వేసుకోవచ్చు కూడా. ఒకటి రెండు ట్రస్టులైతే నేనే చేసేదాన్ని. తొమ్మిదింటికి, తొమ్మిది రకాల ఫారాలకి, ఆస్పత్రి చుట్టూ తిరుగుతూ నావల్ల అయ్యేది కాదు.

గడువు మర్చిపోవద్దు. రాష్ట్రాన్ని బట్టి, ట్రస్టుని బట్టి మారుతుంది. ఒహాయోలో జబ్బు తేలిన దగ్గర నుంచి 2 ఏళ్ళు.

నాన్న 2021 జనవరిలో పోయారు. అప్పటికి నాలుగు క్లెయిముల డబ్బు వచ్చింది. ఆ చెక్కుల్లో ఒకటి తీసి, తను గీసిన ఆ తెల్ల కాగితం మడత మీద పెట్టి, "అమ్మ పేరు మీద వెయ్యి" అన్నారు. మిగతావాటికి ప్రొబేట్ కోర్టు (పోయినవాళ్ళ ఆస్తి వ్యవహారాలు చూసే కోర్టు) నుంచి అమ్మ పేరు మీద లెటర్స్ ఆఫ్ అథారిటీ, అంటే నాన్న తరఫున ఆవిడ వ్యవహరించవచ్చనే కాగితం, తెచ్చి, డెత్ సర్టిఫికెట్ జతచేసి క్లెయిము మార్పించాలి. ఇది తెలియక ఒక ట్రస్టు దగ్గర రెండు నెలలు ఆగిపోయాం, అందుకే 5 కాకుండా 4న్నర, రెండో ఆఫీసు ఇది ముందే చెప్పాల్సింది. ఇంకోటి, వైద్యానికి మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) పెట్టిన ఖర్చులో తన వాటా అది అడుగుతుంది. అది తేలేదాకా మా డబ్బు లాయరు ఖాతాలోనే నాలుగు నెలలు ఉండిపోయింది. తినేశారేమో అని అనుమానపడ్డాను, అలాంటిదేం లేదు, చట్టం అలాగే ఉంది. శరీరానికి జరిగిన హాని తాలూకు పరిహారం కాబట్టి ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్ పడలేదు, అయినా మీ అకౌంటెంటుకి చూపించండి.

అమ్మ సంగతి కూడా చెప్పాలి. పారాలీగల్ వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి అడిగింది, సార్ బట్టలు ఎవరు ఉతికేవారని. 1973లో పెళ్ళైన దగ్గర నుంచి అమ్మే. ఉతికే ముందు బయట దులిపేదట. అలా ఇంట్లోకి వచ్చిన దుమ్ముతో జబ్బు పడ్డ భార్యల క్లెయిములు కూడా ట్రస్టులు తీసుకుంటాయి. అమ్మకి ఇప్పుడు ఏమీ లేదు, ఏడాదికోసారి డాక్టరుకి చూపిస్తున్నాం, బట్టలు దులిపిన సంగతి అమ్మ మెడికల్ రికార్డులో రాయించాం.

తొమ్మిదో క్లెయిము ఇంకా క్యూలోనే ఉంది. ఉత్తరాల ఒరిజినల్స్ మొన్న రిజిస్టర్డ్ పోస్టులో తిప్పి పంపారు, ప్లాస్టిక్ కవర్లలో, తారీఖుల వరసలో సర్ది మరీ. చాలావరకు పెళ్ళికి ముందు రాసినవి, అమ్మ ఎప్పుడూ చదవనివి. రోజుకి ఒకటి చదువుకుంటోంది.